డమ్మీ బిళ్ళ

బానెట్ ఎత్తగానే తుమ్మొచ్చింది.
రేడియేటర్ రెక్కల్లో మిరప గింజలు,
మడ్‌గార్డు కింద ఏ ఊరిదో తెల్ల మట్టి.
ఏసుపాదం మంకీటోపీ తీయకుండానే చెప్పాడు:
"మీరా అన్నా, నీళ్ళు బిగుసుకుపోయినయ్యి."

నలభై ఏళ్ళుగా ఆటోనగర్‌లో నేను విన్నవి
నీళ్ళు మరిగినయ్యి, నీళ్ళు పొంగినయ్యి,
నీళ్ళు కారినయ్యి, నీళ్ళు తాగేస్తంది బండి.
బిగుసుకోవడం వినలా.
నట్టు బిగుస్తది, తలుపు బిగుస్తది,
పండక్కి చీర తేకపోతే మా ఆవిడ మొహం బిగుస్తది.
నీళ్ళా?

గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు వాళ్ళ పాత క్వాలిస్.
శ్రీనగర్‌లో ఎవరో మిరపకాయల బాకీ ఎగ్గొడితే
గుమస్తా, ఏసుపాదం, ఒక శాంపిల్ బస్తా
పుష్యమాసంలో వసూలుకి బయల్దేరారు.
పోయే ముందు ఇక్కడే ఆగి,
కూలెంట్ దండగని నాలుగొందలు మిగుల్చుకుని
రేడియేటర్ నిండా ఈ షెడ్డు కుళాయి నీళ్ళే పట్టించాడు.
పైపు పట్టుకుంది నేను.
ఆ మాట వాడు అనలా.
నేనూ అనలా.

బనిహాల్ దాటాక ఏదో ధాబా ముందు రాత్రి పడుకున్నారట.
తెల్లారి తాళం తిప్పితే
బెల్టు కుక్కపిల్లలా కీచుమందట.
అయినా లాగించారు.
రెండు కిలోమీటర్లు పోలా, సూది ఎర్రగీత దాటింది.
"బయట మంచు, లోపల కుతకుత.
గడ్డకట్టి మరిగిందన్నా బండి,
నువ్వు నమ్మవు."

నమ్మాను.
నీళ్ళు కదలకపోతే
ఇంజను తన వేడిలో తానే ఉడుకుతుంది.
అది ఏ కార్తెలోనైనా అంతే.

రేడియేటర్ ఊడదీసి తొట్టిలో ముంచి గాలి కొట్టాను.
ఒక చోటని కాదు, ఒళ్ళంతా బుడగలే.
ఇత్తడి గొట్టాలు పొట్టలేసుకుని ఉన్నాయి
శ్రావణంలో ఈత చేపల్లాగా.
నవాసారం రాసి టంకం పెడదామంటే
ఎక్కడని పెట్టను?

బ్లాకు పక్కన డమ్మీ ఉండాల్సిన చోట
గుడ్డ చుట్టి కొట్టిన చెక్క బిరడా.
అక్కడి మేస్త్రీ అక్రోటు కొమ్మ చెక్కి బిగించాడట,
డబ్బులు తీసుకోలేదట,
గుప్పెడు మిరపకాయలు మాత్రం అడిగాడట.
ఊడిన బిళ్ళని ఏసుపాదం మంచులో వెతికి తెచ్చాడు.
జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టాడు.

రూపాయి కన్నా కాస్త పెద్దది. ఒక పక్కకి ఉబ్బింది.
నా చేత్తో ఇట్టాంటివి ఎన్ని వందలు కొట్టానో.
ఈ ఊళ్ళో అవి తుప్పు పడితేనే మారుస్తాం.
పోత పోసినప్పుడు ఇసక తీసే చిల్లులకి మూతలవి,
అంతకంటే ఏం లేదని నా గురువు చెప్పేవాడు.
ఆయన చెప్పింది నిజమే.
కానీ బ్లాకు పగలకుండా
ఎవరో ఒకరు ఊడి పడాలి కదా,
అది మాత్రం ఆయన చెప్పలా.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలుసు.
మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర
పొగలు కక్కే బళ్ళకి బకెట్లు మోసినవాణ్ణి.
నీళ్ళకి అంత బలముందంటే
ఒక్కసారి కళ్ళతో చూడాలనిపించింది.

ఆ రాత్రి సోడాకొట్టు రాఘవులు ఫ్రీజర్‌లో
గాజు సీసా నిండా కుళాయి నీళ్ళు పోసి
మూత బిగించి పెట్టించాను.

తెల్లారి తిట్టుకుంటూ వచ్చాడు,
పళ్ళెంలో గాజు పెంకులు.
వాటి మధ్య సీసా లేకుండా
సీసా ఆకారంలో నిలబడి ఉంది మంచు,
మెడ, భుజాలు, అన్నీ.

ఏసుపాదం బిల్లులో నాలుగొందలు కొట్టేశాను.
ఎందుకని అడగలా.

దాన్ని బెంచీ మీద పెట్టి పనిలో పడ్డాను.
తొమ్మిదింటికి ఎండ షెడ్డులోకొచ్చింది.
మొదట మెడ వంచింది,
తర్వాత భుజాలు జార్చింది,
బెంచీ అంచు మీంచి స్పానర్ల పక్కగా దిగి
ఏమీ ఎరగనట్టు
మోరీలోకి పోయింది.